డీజే కాలంలో గద్దరన్న పాట



గద్దరన్న పుట్టింది తూప్రాన్‌లో. బడి చదువు మాత్రం మన బోధన్‌లో సాగింది. భుజాన గొంగడి, చేతిల కట్టె, కాళ్లకు గజ్జెలు, పక్కన డప్పు. ఆయన ఒక మాట అందిస్తే మైదానమంతా అందుకునేది.

జమైకాలో రెగే గాయకుడు బాబ్ మార్లీ మీద 1976 డిసెంబర్‌లో కాల్పులు జరిగితే, రెండు రోజులకే స్టేజీ ఎక్కి పాడిండు. 1997 ఏప్రిల్ 6న గద్దరన్న మీద కాల్చిండ్రు. ఒక తూటా ఒంట్లనే ఉండిపోయింది. దాంతోనే 2023 ఆగస్టులో పోయేదాకా బతికిండు. ఈ నడుమ క్యాసెట్లు పోయినయి, సీడీలు పోయినయి, డీజే బాక్సులు వచ్చినయి. జనం ముందట నిలబడి పాడుడు మాత్రం ఆయన మానలే.

డీజేను తిట్టనీకి చెప్తలేను. దాని ముందట మనం ఎగురుతం, కానీ నోరు తెరవం. గద్దరన్న ముందట జనం నోరు తెరిచిండ్రు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతబడ్డది. చెరుకు కొట్టిన చేతుల గోస ఏ బాక్సు పాడుతది? మన అవ్వలకొచ్చిన గోర్ బోలి పాటలు ఏ పెన్‌డ్రైవ్‌లో ఉన్నయి?

ఈ తీజ్‌కు గంటసేపు బాక్సులు బంద్ పెడదాం. అవ్వలు పాడాలె, మనం అందుకోవాలె.