పాత వాడుకకు కొసరు

(వార్షిక మహాసభలో సమాఖ్య కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపులు, అప్పులు, వసూళ్ల లెక్కలు ఇప్పటికే విన్నారు. మేము ఒక చిన్న ఖర్చు గురించి నాలుగు మాటలు చెబుతాం. అది చందా. పత్రికకు కావచ్చు, కేబుల్‌కు కావచ్చు, బీమాకు కావచ్చు. మొదటిసారి కట్టేటప్పుడు పదిమందిని అడిగి కడతాం. రెండో ఏడు వచ్చేసరికి ఆ అడగడం తగ్గిపోతుంది. డబ్బు జారిపోయేది అక్కడే.

మన ఊళ్లలో పద్ధతి మీకు తెలిసిందే. వాడుకగా పాలు పోయించుకునే ఇంటికి కొలత అయ్యాక కాస్త కొసరు పోస్తారు. పాత వాడుక అంటే అంత గౌరవం. చందాల్లో చాలాచోట్ల ఇది తిరగబడి ఉంటుంది. కొత్తగా చేరేవారికి తగ్గింపు, బహుమతి. పాతవారికి పూర్తి ధర.

ఒక లెక్క వేసి చూద్దాం. మాసపత్రిక విడి ప్రతి 20 రూపాయలనుకోండి. ఏడాదికి 240. కొత్తవారికి 180కే ఇస్తారు. మరుసటి ఏడు అదే మనిషికి 240 కట్టమని కాగితం వస్తుంది. అదే నెలలో పక్కింటామె 180కే చేరుతుంది. "ఏటమ్మా ఇది, నమ్మి ఉన్నందుకు నాకు అరవై ఎక్కువా?" అని ఆ పాత చందాదారు అడిగితే తప్పేటి?

పత్రిక నడిపేవారి కష్టమూ చూడాలి. కాగితం, అచ్చు, తపాలా అన్నిటికీ ఖర్చే. ప్రకటనలు పాఠకుల సంఖ్యను బట్టి వస్తాయి కాబట్టి కొత్తవారి కోసం ఆరాటపడతారు. 2001లో చిత్తూరు జిల్లాలో మనలాంటి సంఘాల ఆడవాళ్లే విలేకరులై 'నవోదయం' పత్రిక తెచ్చారు. అలాంటి పత్రికలు నిలబడాలంటే చందాలు కావాలి. విపుల, చతుర లాంటి పేరున్న మాసపత్రికలే 2021లో ఆగిపోయాయి. అందుచేత ధర పెంచడం తప్పని మేము అనడం లేదు. చెప్పకుండా పెంచడమే తప్పు.

బీమా సంగతే చూడండి. 2022 జూన్ 1 నుంచి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం 330 నుంచి 436 రూపాయలైంది. సురక్ష బీమా 12 నుంచి 20 అయింది. ఈ డబ్బు ఏటా మే నెలాఖరులో మన ఖాతాలోంచి దానంతటదే పోతుంది. పాత లెక్కన 330 మాత్రమే ఉంచుకున్న ఖాతాలో 436 ఎలా కోస్తారు? డబ్బు చాలకపోతే రెండు లక్షల బీమా ఆగిపోతుంది. ధర తెలియకపోతే నష్టం నూరు రూపాయలతో పోదు, ఇంటి ధీమాయే పోతుంది.

చట్టం కూడా మన పక్షాన కొంత ఉంది. కార్డు, యూపీఐల నుంచి గడువుకల్లా దానంతటదే పోయే చెల్లింపులకు కనీసం 24 గంటల ముందు కబురు పంపాలని రిజర్వు బ్యాంకు నిబంధన. ఆన్‌లైన్‌లో చేరడం తేలిక చేసి, మానుకోవడం కష్టం చేసే 'చందా ఉచ్చు'ను 2023 నవంబరులో కేంద్రం మార్గదర్శకాలిచ్చి నిషేధించింది. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల నంబరు 1915.

ఇక మనం చేయాల్సింది. చందా గడువు తీరే నెలను పొదుపు పుస్తకం వెనక రాసుకుందాం. కట్టే ముందు మూడు మాటలు అడుగుదాం. ఈ ఏడు ధర ఎంత? కొత్తవారికి ఎంత? మధ్యలో ఆగిపోతే మిగిలిన డబ్బు ఎలా తిరిగిస్తారు? మూడేళ్లకు ఒకేసారి కట్టమంటే మూడో ప్రశ్న మరీ ముఖ్యం. జవాబు కాగితం మీద తీసుకుందాం. చదువు రాని అక్క ఉంటే సంఘ సమావేశంలో చదివి వినిపిద్దాం.

ఇదే మాట మనకూ వర్తిస్తుంది. మనమూ జీడిపప్పు, పచ్చళ్లు, చేనేత బట్టలు అమ్ముతున్నాం. ధర పెంచాల్సి వస్తే పాత వాడుకదారుకే ముందు చెబుదాం, కారణం కూడా చెబుదాం. పాత సభ్యురాలికి ఒక వడ్డీ, కొత్త సభ్యురాలికి ఒక వడ్డీ అని మన సంఘాల్లో ఎవరైనా ఒప్పుకుంటారా? పుస్తకం అందరి ముందూ తెరిచి ఉంటుంది కాబట్టే మన పొదుపు మీద నమ్మకం నిలిచింది. బయట కొనేచోటా, మనం అమ్మేచోటా అదే పద్ధతి అడుగుదాం, పాటిద్దాం.

ఈ మూడు ప్రశ్నలను వచ్చే నెల గ్రామ సంఘాల సమావేశాల్లో చర్చించి, తీర్మానం రాయాలని కోరుతున్నాం. సెలవు.