రసీదు ఉన్నది, పొరుగువాడెక్కడ?
(రేడియో ప్రసంగ పాఠము)

ప్రియమైన సహోదరీ సహోదరులారా, ఈ ఉదయము మనము నదినీటికి కట్టే వెలను గూర్చి దేవుని వాక్యపు వెలుగులో ధ్యానించుకుందాము. ఇది రైతుల సంగతి గదా, మందిరములో దీనికేమి పని అని అనుకోవద్దు. నీళ్లున్న చోటనే పొరుగువాని ప్రేమ పరీక్షకు నిలుస్తుంది.

నాకు పదిహేనేళ్లప్పటి మాట. మాది కృష్ణా డెల్టాలో ఒక చిన్న గ్రామము. అది దాళ్వా కాలము, నీళ్లు వంతులవారీగా వదిలేవారు. ఒక రాత్రి మా వంతు అయిపోయినా నాన్నగారు, నేను లాంతరు పట్టుకొని వెళ్లి బోదెకు గండికొట్టి మా చేనికి నీళ్లు మళ్లించుకున్నాము. తెల్లవారేసరికి మా దిగువ రైతు మడి నెర్రెలిచ్చి ఉన్నది. ఆ పెద్దాయన వచ్చి అడిగితే నాన్నగారు, “మేము తీరువా కట్టాం గదా” అన్నారు. ఆయన కోపపడలేదు. “నేనూ కట్టాను నాయనా. నా రసీదు నా మడికి నీళ్లు పొయ్యదు గదా” అని వెళ్లిపోయాడు. ఆ మాట నేటికీ నన్ను వెంటాడుచున్నది.

నీటికి వెల కట్టుట పాపమా? కాదు. ద్వితీయోపదేశకాండము 2:6 చూడండి. ఏశావు సంతతివారి దేశము గుండా వెళ్లునప్పుడు త్రాగే నీటికి కూడా రూకలిచ్చి కొనుమని దేవుడే తన ప్రజలకు ఆజ్ఞాపించాడు. కాలువకు పూడిక తీయాలి, లాకులు బాగుచేయాలి. దానికి ఖర్చవుతుంది.

అయితే ఆ వెల దేనిమీద కట్టుచున్నామో ఆలోచించండి. మన రాష్ట్రములో 1988లో నీటి పన్ను చట్టము వచ్చింది. 1996లో పెంచిన రేట్ల ప్రకారము పెద్ద ప్రాజెక్టుల క్రింద మొదటి పంట మాగాణికి ఎకరాకు 200 రూపాయలు, రెండవ పంటకు 150 రూపాయలు. ఈ లెక్క ఎకరానికే గాని నీటికి కాదు. ఎంత తోడినా అంతే, పొదుపు చేసినా అంతే. అందుచేత ఎగువవాని చేనిలో నీళ్లు నిలిచి నేల చవుడు తేలుతుంది, శివారువాని చేను ఎండుతుంది. వాడిన నీటి కొలతను బట్టి వెల కట్టాలనీ, నదికి కూడా కొంత ప్రవాహము మిగల్చాలనీ 2012 జాతీయ జల విధానము చెప్పింది. ఇది ఆలోచింపదగిన మాట.

మరి వెల ఉంటే చాలునా? చాలదు. 1998లో, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని శివనాథ్ నదిలో 23.6 కిలోమీటర్ల మేర ఒక ప్రైవేటు సంస్థకు 22 ఏండ్ల ఒప్పందముతో అప్పగించారు. తరతరాలుగా ఆ నదిలో వల వేసినవారిని, నీళ్లు తోడుకున్న రైతులను అడ్డగించారు. ప్రజలు మొరపెట్టగా, ఒప్పందమును రద్దుచేస్తామని 2003లో ప్రభుత్వము ప్రకటించవలసి వచ్చింది. తమ నీళ్లు తామే కొనుక్కోవలసి వచ్చిన జనుల దుఃఖమును విలాపవాక్యములు 5:4లో చదువుతాము. వెల కట్టగలవానికే నది సొంతమైతే పేదవాడు ఏడ్వక ఏమి చేస్తాడు?

ఇంకొక పొరుగువాడున్నాడు, వానికి రసీదు లేదు. అది నది. 2001 నుండి 2004 వరకు వచ్చిన కరవు సంవత్సరములలో కృష్ణమ్మ సముద్రమును దాదాపు చేరనే లేదు. మంచినీరు తగ్గితే ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. బావులు ఉప్పనవుతాయి, మడ అడవులు, చేపలు దెబ్బతింటాయి. మన పొలముల నుండి పోయే ఎరువు, పురుగుమందు మురుగుకాలువల గుండా కొల్లేటికి చేరుచున్నవి. యెహెజ్కేలు 34:18లో ప్రభువు మందలోని బలిసిన గొఱ్ఱెలను గద్దించుట చూస్తాము. అవి త్రాగినందుకు కాదు, మిగిలినదానిని కాళ్లతో కలకచేసినందుకే ఆయన కోపము.

ప్రియులారా, రక్షణ జీవజలము ఉచితమే. దానికి వెల మన ప్రభువు సిలువపై చెల్లించాడు. ఉచితముగా పొందినవాడు దిగువవానికి గండికొట్టగలడా? మీ బోదె చివర ఎవరున్నారో ఈ వారము వెళ్లి చూడండి. మీ వంతు అయిన వెంటనే తూము మూయండి. నీటి సంఘపు కూటములో శివారువాని పక్షమున ఒక్క మాట చెప్పండి. పట్టణవాసులారా, మీ ఇంటి మోటారు పొర్లిపోవుచుండగా పైకప్పు క్రింద నిద్రపోవద్దు.

నాన్నగారు చివరి దినములలో ఆ పెద్దాయన ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగారు. అప్పుడు రసీదు ఊసెత్తలేదు.

ప్రార్థించుకుందాము: పరలోకపు తండ్రీ, వెల కట్టితిమన్న గర్వము మాలోనుండి తీసివేయుము. మా తరువాత త్రాగేవారిని చూచే కన్నులు మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.