రెండు బిందెల నీళ్ళు
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఇంజనీరుగా సాధించినవి చెప్పమన్నారు. నేను ఓడిపోయిన ఒక రోజు గురించి చెబుతాను.

కొన్నేళ్ళ కిందట, ఏప్రిల్ నెల. అమ్మను రక్తపరీక్షలకు బెంగళూరు తీసుకెళ్తున్నాను. లేపాక్షి నుంచి చిలమత్తూరు మీదుగా కొడికొండ చెక్‌పోస్టు చేరి, 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కాలి. దారిలో ఒకాయన ఆగిపోయిన మోటారుసైకిలు పక్కన నిలబడి చెయ్యెత్తాడు. ఆలస్యమవుతుందని నేను ఆపలేదు. మరో నాలుగు కిలోమీటర్లకు నా కారే ఆగింది. ఉష్ణోగ్రత ముల్లు ఎరుపు గీత దాటింది, బానెట్ కింద నుంచి ఆవిరి చిమ్మింది.

దిగి బానెట్ ఎత్తాను. రేడియేటరు మూత మీద గుడ్డ వేసి తిప్పబోతున్నాను. పొలంలోంచి ఒక పెద్దాయన కేక వేశాడు: "అప్పా, మూత ముట్టొద్దు! మొగమంతా కాల్తాది!"

పీడనం పెరిగితే నీరు మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుందని మన సైన్సు మాస్టారు ఈ బడిలోనే చెప్పారు. మూత బిగించి ఉన్నంతసేపు లోపలి నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత తీయగానే పీడనం పడిపోయి ఒక్కసారిగా ఆవిరై పైకి తంతుంది. పరీక్షలో ఆ ప్రశ్నకు నాకు పూర్తి మార్కులు వచ్చాయి. మూత మీద చెయ్యి పెట్టినప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

ఇంతలో ఆయన భార్య కారులోకి తొంగి చూసి, "ఈయమ్మకు చక్కెర జబ్బుందా?" అని అడిగింది. పరీక్షల కోసం అమ్మ పరగడుపున ఉంది. అలవాటుగా మాత్ర మాత్రం వేసుకుందట. ఒళ్ళంతా చెమట, చేతులు వణుకుతున్నాయి. నేను ఇంజన్ వేడి చూస్తున్నాను గాని అమ్మ మొహం చూడలేదు. ఆ తల్లి పరుగున పోయి బెల్లం నీళ్ళు తెచ్చి తాగించింది. చింతచెట్టు నీడన కూర్చోబెట్టి, తేరుకున్నాక రాగి సంగటి పెట్టింది.

ఇంజన్ చల్లారడానికి ముప్పావు గంట పట్టింది. రబ్బరు గొట్టం చీలింది. పెద్దాయన పాత సైకిల్ ట్యూబును పేలికలుగా కోసి, చీలిక మీద బిగించి చుట్టి, కట్టుతీగతో కట్టాడు. రెండు బిందెల నీళ్ళు పోశాడు. లోపల పీడనం పెరిగితే కట్టు ఊడుతుందని మూతను పూర్తిగా బిగించనివ్వలేదు. నేను కారులోని హీటరు వేశాను, ఇంజన్ వేడి కొంత అటు పోతుందని. ఆ రోజు నా చదువు పనికొచ్చింది అంతే. నెమ్మదిగా నడిపి కొడికొండ దగ్గర మెకానిక్‌ను చేరాం.

బయలుదేరే ముందు డబ్బు ఇవ్వబోయాను. "నీళ్ళకు దుడ్డు తీసుకుంటే ఎట్లప్పా?" అన్నాడు. తర్వాత అమ్మ చెప్పింది: వాళ్ళ బోరు ఎండిపోయిందట, అవి వారానికోసారి వచ్చే ట్యాంకరు నీళ్ళట. మన సీమలో ఏప్రిల్‌లో రెండు బిందెల నీళ్ళంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు.

తొందరలో ఆయన పేరు అడగలేదు. మూడు నెలలకు వెతుక్కుంటూ వెళితే ఇంటికి తాళం. బెంగళూరుకు కూలికి పోయారన్నారు. అమ్మ ఆ తర్వాత ఆరేళ్ళు బతికింది. ఆ అప్పు ఆయనకు తీర్చే దారి నాకు లేదు.

మన ఊరి పేరుకు జటాయువు కథ చెబుతారు. ఆ పక్షి గెలవలేదు, కానీ చూసీ చూడనట్టు ఎగిరిపోలేదు. నేను ఆ ఉదయం మోటారుసైకిలాయనను దాటి పోయాను.

సంఘానికి నా మనవి ఒక్కటే. ఏటా పదో తరగతి పిల్లలకు ఒక పూట ఈ సంగతులు నేర్పుదాం: వేడెక్కిన ఇంజన్ మూత తీయకూడదని, జాతీయ రహదారి మీద సాయానికి 1033, అంబులెన్సుకు 108 అని, ప్రమాద బాధితులకు మంచి మనసుతో సాయం చేసినవారికి 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఏ సెక్షన్ రక్షణ ఇస్తుందని. మొదటి పాఠం చెప్పడానికి నేను వస్తాను.

ఇప్పుడు నా డిక్కీలో ఐదు లీటర్ల నీళ్ళు, సైకిల్ ట్యూబు, కట్టుతీగ, ఒక బెల్లం అచ్చు ఉంటాయి. ఎవరైనా చెయ్యెత్తితే ఆపుతున్నాను.