కనఁబడని గురువు

  

1907వ సంవత్సరమున బిపిన్ చంద్రపాలుగారు మన బందరునకు వచ్చి యుపన్యసించిరి. విన్న యువకుల నెత్తురు పొంగినది. అయినను వక్త యెదుటనే నిలిచియుండెను; ఆయన పేరును, ఊరును ఎల్లరెఱుఁగుదురు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యగార్లు ఆ యుత్సాహమును 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలగా మలచిరి. నిప్పు ఇల్లు కాల్పక దీపమైనది.

నేఁటి నిప్పు వేఱు. అర్ధరాత్రమున మన బిడ్డఁడు అరుగుమీఁద సెల్‌ఫోనుతో ఒక్కఁడే కూర్చుండును. ఒక కోపపు మాటను అతఁడు కొంతసేపు చూచెనేని, ఆ యంత్రము అట్టివే మఱి పది తెచ్చి ముందుంచును. చూచినకొలఁది దానికి లాభము. బోధించువాఁ డెవఁడో తెలియదు. మొదట పరిహాసము, పిదప అనుమానము, తుదకు ద్వేషము.

పొరుగుననున్న కోనసీమను చూడుఁడు. జిల్లాకు అంబేద్కరుగారి పేరు చేర్చుటపై 2022 మే 24న అమలాపురమున అల్లరులు చెలరేఁగి, ఒక మంత్రి యిల్లును, ఒక శాసనసభ్యుని యిల్లును తగులఁబడెను. ప్రభుత్వము ఇంటర్నెట్టును నిలిపివేసెను. పోలీసులు వాట్సాపు బృందముల జాడ పట్టి నిందితులను వెదకిరి. రెచ్చగొట్టిన మాటకు ముఖము లేదు; కేసు మాత్రము కుఱ్ఱవాని పేర నుండును.

2014లో సిరియా యుద్ధమునకుఁ బోవనెంచిన హైదరాబాదు యువకులు కొందఱు కలకత్తాలో పట్టుపడిరి. పోలీసులు వారిని చెఱకుఁ బంపక, హితము చెప్పి తల్లిదండ్రుల కప్పగించిరి. ఇది గమనింపఁదగిన మార్గము.

నా పూర్వశిష్యుఁడొకఁడు తన బాల్యమిత్రుని గడప త్రొక్కుట మానెను. కారణ మడుగఁగా ఫోను చూపెను. నేను మందలించితిని, అతఁడు లేచిపోయెను. తప్పు నాదే. మఱునాఁడు నేనే వాని యింటికిఁ బోయి, "నాయనా, ఆ మిత్రుఁడు నీకు చేసిన యపకార మేమి?" అని యడిగితిని. చాలసేపు మౌనముగ నుండి, "ఏమియు లేదు, మాస్టరుగారూ" అనెను. ఇంకను అతఁడు ఆ గడప త్రొక్కలేదు. నేను అడుగుట మానలేదు.

కావున పెద్దలారా, ఫోను లాగికొనకుఁడు, ఎగతాళి చేయకుఁడు. ప్రక్కన కూర్చుండి వినుఁడు. "ఇది చెప్పినవాఁ డెవఁడు?" అని యడుగుఁడు. ఒకరికి హాని తలపెట్టెనని తెలిసినచో దాఁచక పోలీసులకుఁ దెలుపుఁడు. మనమును చదువకయే సందేశములను ముందునకుఁ బంపుట మానవలెను.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినపుడు సముద్రము ఎవరి కులమును, మతమును అడుగలేదు. చూచిన మనమే బిడ్డలకుఁ జెప్పవలెను.

సెలవు.