పలుకు తీరులకు పేర్లు: ఆంగ్లపదసంపదను గూర్చి అమలాపురమున చేసిన స్మారకోపన్యాసము



ఏ ఆచార్యుని స్మృత్యర్థము ఈ ధర్మనిధి ఏర్పడినదో, ఆ మాస్టారుగారు కోనసీమ బడులలో ఆంగ్లమును బోధించుచు జీవితమును గడపినవారగుటచేత, వారి పేర జరుగు ఈ సభలో ఆంగ్లపదసంపదను గూర్చి మాటాడుట సముచితమని తలచితిని. అందును నేను ఎన్నుకొనినది ఒక్క భాగము మాత్రమే: మనుష్యులు ఒకరితో ఒకరు మాటాడు తీరులను తెలుపు పదములు. సే, టెల్, ఆస్క్ అను మూడు క్రియలతోనే మన విద్యార్థి ఆంగ్లమున దినమంతయు వెళ్లబుచ్చుచున్నాడు. అవి తప్పుమాటలు కావు. కాని ఎదుటివాడు గొణిగినను, గద్దించినను, బతిమాలినను, నసిగినను, బుకాయించినను ‘హి సెడ్’ అని మాత్రమే వ్రాయు ఆ బాలుడే, ఇంటికిపోయి తల్లితో ఆ సంగతిని తెలుగున చెప్పునప్పుడు ఈ భేదములలో ఒక్కదానినైనను జారవిడువడు. ఆ చెవి వానికి పుట్టుకతోనే అబ్బినది. దానిని ఆంగ్లపాఠమునకు పిలువకుండుటయే మన బోధనలోని పెద్ద లోపమని నా దృఢాభిప్రాయము.

ఈ సీమలో అగ్రహారపు బాలురు అక్షరములు వచ్చిన వెంటనే అమరకోశమును కంఠస్థము చేయుచుండిన కాలమొకటి కలదు; దాని తెలుగు వ్యాఖ్యయైన గురుబాలప్రబోధికను ముందిడుకొని అర్థము చెప్పిన పంతుళ్లను ఎఱిగిన పెద్దలు ఈ సభలో నుండవచ్చును. ఆ అమరకోశమున ప్రథమకాండమందలి శబ్దాదివర్గమును ఒకమాఱు నిదానముగా చూడుడు. ‘లప్’ అను ఒక్క ధాతువునకు ఉపసర్గలను మార్చి మార్చి చేర్చుటచేత కోశకర్తయగు అమరసింహుడు అచ్చట పలుకు తీరులను ఎట్లు వేఱుచేసి చూపెనో గమనింపుడు. ఒకరిని ఉద్దేశించి పలుకుట ఆలాపము, అర్థములేని మాట ప్రలాపము, చెప్పినదే మరల మరల చెప్పుట అనులాపము, ఏడ్చుచు పలుకుట విలాపము, ఒకరి మాటకు ఒకరు విరోధముగా పలుకుట విప్రలాపము, పరస్పరము మాటాడుకొనుట సంలాపము, మంచిమాట సుప్రలాపము, ఉన్నదానిని కప్పిపుచ్చి లేదనుట అపలాపము. ఎనిమిది మాటలలో ఒక ఊరి రచ్చబండ యంతయు కనబడుచున్నది. పండితుడు ఇంతటితో విడువక, శోకభయాదులచేత కంఠధ్వని మాఱుటకు కాకువు అని మఱియొక పేరు పెట్టినాడు. అనగా మాటనే కాక మాట వినబడు తీరును సహితము శాస్త్రమున నిలిపినాడు.

లాటిను నుండి ఆంగ్లమునకు వచ్చిన ‘లాక్వి’ ధాతువు ఇదే పని చేయుచున్నది. కొలొక్వీ, సొలిలొక్వీ, ఎలొక్వెన్స్, లొక్వేషస్, సర్కమ్లొక్యూషన్, ఆబ్లొక్వీ, ఇంటర్లొక్యుటర్ అను మాటలను నిఘంటువున వేర్వేరు పుటలలో వెదకి వేర్వేరుగా బట్టీపట్టు విద్యార్థికి అవి ఏడు బరువులు. ఉపసర్గ ధాతువును ఏ దిక్కునకు త్రిప్పుచున్నదో చూడనేర్చిన విద్యార్థికి అవి ఒక్క కుటుంబము. ఇది మనవారికి క్రొత్తవిద్య కాదు, మఱచిన విద్య మాత్రమే.

1852వ సంవత్సరము మన ప్రాంతమున ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన సంవత్సరముగా ప్రసిద్ధము. ఆ యేటనే లండనులో పీటర్ మార్క్ రోజె అను వైద్యుడు, డెబ్బది మూడేండ్ల ప్రాయమున, తన థెసారసును ప్రకటించెను; ఆ యేటనే మద్రాసున చార్లెస్ ఫిలిప్ బ్రౌను తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చుపడెను. ఈ రెండు గ్రంథములను ప్రక్కప్రక్కన పెట్టి చూచుట మన విషయమునకు మిక్కిలి ఉపకరించును.

రోజె భాషను అక్షరక్రమమున కాక భావక్రమమున విభజించినాడు. ఆఱు మహావర్గములలో నాలుగవది బుద్ధివర్గము. దానియందు మొదట భావముల పుట్టుక, పిమ్మట భావముల వినిమయము. అమరమునందును ధీవర్గము ముగిసిన వెంటనే శబ్దాదివర్గము వచ్చుట ఈ సందర్భమున నాకు ఎంతయో ఆశ్చర్యమును, ఆనందమును కలిగించినది. శతాబ్దముల యెడము గల ఇద్దరు సంకలనకర్తలు, తలపు తరువాతనే పలుకునకు తావని ఒక్కరీతిగా నిర్ణయించినారు. అయితే రోజె తన గ్రంథమున మాటలకు అర్థములు వ్రాయలేదు. భావము మనసున ఉండి మాట నోటికి అందనివానికొఱకు ఆయన దానిని కూర్చెను. అర్థమే తెలియనివానికొఱకు కాదు. నేడు మన పోటీపరీక్షల పుస్తకములు ఆ పద్ధతిలోని పైపొరను మాత్రము గైకొని, ఒక మాటకు పది పర్యాయములు వరుసగా అచ్చువేసి విద్యార్థి చేతికిచ్చుచున్నవి. హింట్, ఇంప్లై, ఇన్సిన్యుయేట్, అల్యూడ్ అను నాలుగును ‘సూచించు’ అను ఒక్క అర్థముక్రింద నేర్చినవాడు, గౌరవనీయుడైన అధికారి ఒక విషయమును ఇన్సిన్యుయేట్ చేసెనని నిస్సంకోచముగా వ్రాయును. ఆ మాటకు మెలికలు తిరుగుచు లోనికి దూరుట అని మూలార్థము. అది దురుద్దేశమును ఆరోపించు మాట. ఒక్క క్రియతో ఆ అధికారిని నిందించితినని వ్రాసినవానికే తెలియదు.

బ్రౌను మార్గము వేఱు. కడపలో, మచిలీపట్టణములో, రాజమహేంద్రవరములో ఉద్యోగము చేసిన ఆ దొర, పండితుల సాహాయ్యమున కావ్యములను శోధించుటయే కాక, కచేరీకి వచ్చు రైతుల నోటిమాటను సహితము విని, వాడుకలోని పలుకుబడులను ఉదాహరణములుగా చేర్చినాడు. కచేరీ వ్యవహారపు మాటలకు ప్రత్యేకముగా జిల్లా నిఘంటువును సమకూర్చినదియు ఆ 1852లోనే. మాటకు అర్థమును చెప్పి ఊరకుండక, దానిని ఎవరు ఎప్పుడు వాడుదురో చూపిననే అది నేర్చినట్లని ఆయన గ్రహించినాడు. పలుకు తీరులను తెలుపు పదములకు ఈ మార్గము తప్ప మఱియొక మార్గము లేదు. ఏలయన, ఆ పదములలో ప్రతిదియు వక్తకును శ్రోతకును గల సంబంధమును గూర్చి మనమిచ్చు తీర్పు.

ఒక్క వాక్యమును దగ్గఱనుండి పరీక్షింతము. సఖినేటిపల్లి రేవున పంటు దిగి, నర్సాపురమునుండి వచ్చిన ఒక పెద్దమనిషి చెల్లెలి గుమ్మమెక్కినాడనుకొనుడు. “ఇప్పటికి తీరిందా అన్నయ్యా, మా ఇంటికి రావడానికి?” అని ఆమె కన్నులు తుడుచుకొనుచు అనిన, అది నిష్ఠూరము, ప్రేమ లేనిచోట నిష్ఠూరము పుట్టదు. దీనికి ఆంగ్లమున రిప్రోచ్ అనుట చెల్లును. ఆ మాటనే బావగారు ఓరనవ్వుతో, “తమకి ఇప్పటికి తీరిందాండీ?” అని సాగదీసిన, అది గోదావరి జిల్లాలకు పేరుమోసిన వెటకారము. దీనిని చటుక్కున సార్కాజమ్ అనిన పొరపాటగును. కండ చీల్చుట అను గ్రీకు మూలము గల ఆ మాటకు వాడి యెక్కువ. మన వెటకారమున చాలవఱకు గాయపఱచు తలంపు ఉండదు. కావున టీజింగ్, బ్యాంటర్ అను మాటలు దానికి దగ్గఱ. ఇక వియ్యపురాలు నలుగురిలో, “పాపం, ఇన్నాళ్లకి తీరింది వారికి” అని వేఱొకరితో అనిన, అది దెప్పుట. టాంట్ అను మాట ఇచ్చట అతుకును. వాక్యము ఇంచుమించు ఒక్కటే. మాఱినది అనిన మనిషి, కంఠము, విన్నవారి సంఖ్య. ఈ మూటిని చూచి పేరు పెట్టుట వచ్చిన పిల్లకు రిప్రోచ్, బ్యాంటర్, టాంట్ అను మాటలు ఒక్క పూటలో వచ్చును. వచ్చినవి మఱి పోవు.

మన ‘ఆయ్’ను గూర్చి రెండు మాటలు చెప్పక ముందుకు పోజాలను. కోనసీమవాడు పెద్దలయెదుట పలుకు ఆ ఒక్క అక్షరమునకు వెలుపలివారు ‘అవును’ అని మాత్రమే అర్థము చెప్పుకొందురు. కాని రాజోలు సంతలో ఒక్క గడియ నిలిచి వినుడు. వెంటనే తేటగా పలికిన ఆయ్ అంగీకారము, అసెంట్. మనసున వేఱొకటి యున్నను పెద్దవారి మాటకు తలయొగ్గి పలికిన ఆయ్ అక్వియెస్. తనకును అదే తోచినదని ఉత్సాహముతో రెట్టించి పలికిన “ఆయ్ ఆయ్” కన్కర్. ఒక్క క్షణము తాళి, గొంతు దించి, చూపు ప్రక్కకు త్రిప్పి పలికిన ఆయ్ మాత్రము అంగీకారమే కాదు. మర్యాద చెడకుండ వెనుకాడుట. దీనికి ఆంగ్లమున డిమర్ అను చక్కని క్రియ కలదు. అక్వియెస్ కును కన్కర్ కును గల భేదమును పరీక్షాపత్రమున వ్రాయలేని విద్యార్థి ఈ నాలుగు ఆయ్‌లను కన్నులు మూసికొని వేఱుచేయగలడు. ఇదియే అమరసింహుడు చెప్పిన కాకువు. మన పిల్లలకు వివేచన లేదని నిట్టూర్చువారు ఈ చెవిని చూడకయే మాటాడుచున్నారు.

ఇట్టి చెవి గల మనవారికి ఆంగ్లము ఏ త్రోవన అందినదో ఇక చూతము. ఆంగ్లేయుల వ్యాపారము మన తీరమునకు వచ్చినది నిన్న మొన్న కాదు. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ వశపఱచుకొనిన ఆంగ్ల వర్తకస్థానములలో మన బెండమూర్లంక యొకటి. అయినను ఆంగ్లవిద్య సామాన్యునకు అందుట చాల ఆలస్యమైనది. పైచదువు కోరిన బాలుడు ఏఱు దాటి రాజమహేంద్రవరమునకో కాకినాడకో పోవలసియుండెను. 1951లో అమలాపురమున కోనసీమ భానోజీ రామర్స్ కళాశాల వెలసిన పిదపనే ఆ బాధ తీరినది. ఈ లోపల పల్లెవానికి ఆంగ్లపు పలుకుక్రియలు కోర్టుద్వారమున పరిచితములైనవి: అడ్మిట్, డినై, అలెజ్, డిపోజ్. సాక్షి చెప్పినది నిజమో కాదో తేల్చకుండ పలుకు అలెజ్ అను మాటలోని జాగ్రత్తను వకీలు గుమాస్తా కళాశాల విద్యార్థికంటె ముందుగా గ్రహించినాడు. ఆసుపత్రిలో ఆ డినై యే వేఱొక స్వభావమును దాల్చును. కేసుషీటుపై రోగి జ్వరమును ‘డినై’ చేసెనని వ్రాసిన, రోగి బొంకెనని కాదు, జ్వరము లేదని చెప్పెనని మాత్రమే. నర్సు కోర్సు చదువుచున్న మన ఆడపిల్లలు ఈ సంగతిని మొదటి దినముననే తెలిసికొనవలెను.

వ్యాకరణము కూడ పదముతోడనే రావలెను. ‘గురించి చర్చించు’ అను మన పలుకుబడిని వెంటదీసికొనిపోయి డిస్కస్ అబౌట్ అనుట మనలో సర్వసాధారణము. ఆ క్రియకు అబౌట్ అక్కఱలేదు. రిమాన్‌స్ట్రేట్ నకు ‘విత్’ తోడు. బ్లేమ్ నకు ‘ఫర్’, అక్యూజ్ నకు ‘ఆఫ్’. మాటను ఒంటరిగా నేర్చి, దాని తోడును పరీక్షకు ముందురాత్రి వెదకుట వ్యర్థశ్రమ.

కావున ఈ ధర్మనిధి పక్షమున ఒక చిన్న పదకోశమును విద్యార్థులచేతనే కూర్పింపవలెనని నా ప్రార్థన. అది పుస్తకములనుండి కాక నోళ్లనుండి పుట్టవలెను. గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలను తన యింట నుంచుకొని, వారి నోట వినుచు నేర్చుకొనిన భాషకు 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించినారు. మనము ఆ శ్రమలో నూఱవపాలు పడిన చాలును. ప్రతి విద్యార్థియు పంటుమీద, సంతలో, కోర్టు వరండాలో, పెండ్లిపందిటిలో విన్న ఒక మాటను అన్నది అన్నట్లు వ్రాసికొని, ఎవరు ఎవరితో ఏ కంఠమున అనిరో చేర్చి, దానికి మన తెలుగుపేరు పెట్టి, పిమ్మట ఆంగ్లపు పేరు వెదకవలెను. సరియైన పేరు దొరకనిచోట ఖాళీని ఖాళీగానే ఉంచవలెను. బలవంతముగా పూడ్చిన ఖాళీలే మన నిఘంటువులను చెఱచినవి.

వ్రాయువారు ముందుగా కలిసికొనవలసినది పండితులను కాదు. మలికిపురము, రాజోలు, పి. గన్నవరము గ్రామములనుండి కువైటుకు, మస్కటుకు, దుబాయికి ఇంటిపనులకై పోయి వచ్చిన స్త్రీలు మనలో ఎందఱో కలరు. యజమానురాలు రిక్వెస్ట్ చేసినదో, ఆర్డర్ వేసినదో, త్రెటెన్ చేసినదో మాట పూర్తికాకముందే పసిగట్టవలసిన అవసరము వారికి నిత్యము కలిగినది; ఆ భేదమును బట్టియే వారి జీతమును, సెలవును, తిరుగుప్రయాణమును నడచినవి. ఆ స్త్రీలను ఆదరముతో కూర్చుండబెట్టి, అచ్చట ఏమనిరి, ఎట్లనిరి, తాము ఏమని బదులుచెప్పిరి అని అడిగి, వారు చెప్పినదానిని వారి మాటలలోనే మొదటి పుటలయందు అచ్చువేయవలెను.