రిపోర్ట్‌లో మీ కోడ్ ఎందుకు సాగిపోతుంది?

ప్రాజెక్ట్ రిపోర్ట్‌లు సబ్మిట్ చేసే టైమ్ కదా, అందుకే ఈ ఎపిసోడ్.

ముందు నాకు జరిగింది చెప్తా. బీటెక్ ఫైనల్ ఇయర్‌లో రిపోర్ట్ మొత్తం లేటెక్‌లో చేశాను. లిస్టింగ్స్ ప్యాకేజీతో పైథాన్ కోడ్ పెట్టాను. వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ ఒక పేజీ తిప్పి, "ఏం బాబూ, ఈ లైను సగమే ఉంది, మిగతాది ఏది?" అన్నారు. చూస్తే నిజమే, లైను పేపర్ దాటి పోయింది. పైగా అక్షరాలన్నీ ఎడం ఎడంగా ఉన్నాయి. ఈ కోడ్ అసలు నేనే రాశానా అని ఆయనకి డౌట్ వచ్చేసింది. రాత్రుళ్ళు కూర్చుని రాసిన కోడ్ అది!

కారణం చాలా చిన్నది. టైప్‌రైటర్ ఫాంట్‌లో ఐ అయినా డబ్ల్యూ అయినా ఒకే వెడల్పు. లిస్టింగ్స్ ఒక్కో అక్షరానికి ఒక గడి ఇస్తుంది. ఆ గడి డిఫాల్ట్‌గా 0.6 ఎమ్. ఎమ్ అంటే ఫాంట్‌ని బట్టి మారే కొలత. లేటెక్ సొంత టైప్‌రైటర్ ఫాంట్‌లో అక్షరానికి 0.5 ఎమ్ చాలు. తమ్ముడికి అన్నయ్య చొక్కా తొడిగినట్టన్నమాట.

లెక్క చూడండి. ఆర్టికల్ క్లాస్, 10 పాయింట్ సైజులో లైను వెడల్పు 345 పాయింట్లు. 0.5 ఎమ్ అయితే 65 అక్షరాలు పడతాయి. 0.6 అయితే 54 మాత్రమే.

ఇప్పుడు ఏం చేయాలి? బేసిక్‌స్టైల్‌లో టీటీఫ్యామిలీ ఇవ్వండి. బేస్‌విడ్త్ 0.5 ఎమ్ పెట్టండి. లేదా కాలమ్స్‌కి ఫుల్‌ఫ్లెక్సిబుల్ ఇస్తే అక్షరాలు వాటి సహజ వెడల్పులోనే వస్తాయి. అప్పుడు కీప్‌స్పేసెస్ కూడా ట్రూ చేయండి, మధ్యలో ఇచ్చిన స్పేస్‌లు పోకుండా. పొడవు లైన్ల కోసం బ్రేక్‌లైన్స్ ట్రూ చేస్తే మిగతాది కింది లైనులోకి వస్తుంది.

ఒక్క జాగ్రత్త. 0.5 అన్ని ఫాంట్లకీ కుదరదు. కొరియర్‌లో అక్షరం వెడల్పు సరిగ్గా 0.6 ఎమ్, దానికి డిఫాల్టే కరెక్ట్. అక్కడ 0.5 పెడితే అక్షరాలు ఇరుక్కుపోతాయి. కాబట్టి ముందు ఫాంట్ ఫిక్స్ చేసుకుని, తర్వాత గడి మార్చండి.

చివరిగా, స్పైరల్ బైండింగ్‌కి ఇచ్చే ముందు కోడ్ ఉన్న పేజీ ఒక్కటి ప్రింట్ తీసి చూడండి. స్క్రీన్ మీద జూమ్ చేసి మురిసిపోవద్దు, నాలాగా. ఆల్ ద బెస్ట్, మళ్ళీ కలుద్దాం!