గోడ ఎవరిది?

(లక్డీకాపూల్‌ల జరిగిన మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



లక్డీకాపూల్ అంటే కట్టె వంతెన. కట్టె పోయింది, పేరు మిగిలింది. 2018 సెప్టెంబర్‌ల మెట్రో వచ్చినంక ఇక్కడి నుంచి పంజాగుట్ట, అమీర్‌పేట దాకా పిల్లర్లే పిల్లర్లు. వాటి మీద పైసలు కట్టినోళ్ల ప్రకటనలు. నిరుద్యోగులు ధర్నా పెట్టుకుంటే ఆ కబురు రాసుకునే జాగ మాత్రం ఎక్కడా లేదు. అందుకే ఇయ్యాల గోడల ముచ్చట మాట్లాడుకుందాం.

2010ల మేం డిగ్రీ చదువుతున్నం. జాజు కలిపిన బకెట్, రెండు కుంచెలు, నలుగురం దోస్తులం. రాత్రి ఒంటిగంటకు బస్తీల ఒక తెల్లటి గోడ మీద ‘జై తెలంగాణ’ అని రాసినం. తెల్లారి అటు దిక్కు పోతే ఆ ఇంటి పెద్దాయన నిలబడి ఉన్నడు. ‘బిడ్డా, నేను గూడ జై తెలంగాణ అంటా. పిల్ల పెండ్లని మొన్ననే సున్నం వేయించిన. ఒక్క మాట అడిగితే నేనే జాజు కలిపిద్దును గదా’ అన్నడు. మాకు నోట మాట రాలే.

ఆయన అడిగిన మాటే చట్టంల ఉన్నది. బహిరంగ స్థలాలను పాడుచేయకుండ 1997ల ఉమ్మడి రాష్ట్రం ఒక చట్టం తెచ్చింది. జనం కంటపడే చోట అనుమతి లేకుండ రాసుడు, అతికించుడు నేరమన్నది. 2014ల రాష్ట్రం వచ్చినంక అదే చట్టం తెలంగాణ పేరు మీద కొనసాగుతున్నది. ఎన్నికల నియమావళి గూడ ఇంటి యజమాని అనుమతి లేకుండ ఆయన గోడ ముట్టొద్దంటది. ఎన్నికల ప్రకటన రాంగనే సర్కారు ఆఫీసుల మీద రాతలు 24 గంటలల్ల, బహిరంగ స్థలాలల్ల 48 గంటలల్ల, సొంత ఆస్తుల మీద అనుమతి లేనివి 72 గంటలల్ల తీసెయ్యాలె. ఎన్నికల పోస్టర్ మీద అచ్చేసినోని పేరు, వేయించినోని పేరు లేకుంటే ఆరు నెలల దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా.

రూల్స్ మంచియే. అమలు ఎవరి మీద అన్నదే మన ప్రశ్న. జీహెచ్‌ఎంసీ ఫొటోలు తీసి ఈ-చలాన్లు వేసుడు మొదలుపెట్టింది. అయినా 2021 అక్టోబర్‌ల అప్పటి అధికార పార్టీ ప్లీనరీకి, 2022 జులైల బీజేపీ జాతీయ కార్యవర్గ సమావేశాలకు నగరం నిండ ఫ్లెక్సీలే. పైసలున్న పార్టీకి జరిమానా అంటే జాగ కిరాయి లెక్క. విద్యార్థి సంఘం పోరగాండ్లకు అదే జరిమానా ఏడాది మెస్ బిల్లు.

ఇది ఉత్త అందచందాల ముచ్చట గాదు. 2019 సెప్టెంబర్‌ల చెన్నైల పెండ్లికి కట్టిన ఒక పార్టీ నాయకుని బ్యానర్ మీద పడి, స్కూటర్ మీద పోతున్న 23 ఏండ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని లారీ కింద పడి చనిపోయింది. కట్టినోడు అడగలే, ఆపేటోడు ఆపలే.

అట్లని అన్నీ బంద్ పెట్టుమనుడు గూడ అన్యాయమే. అమెరికాల లాడ్యూ అనే ఊరు బోర్డులు నిషేధిస్తే, గల్ఫ్ యుద్ధం వద్దని తన ఇంటికి బోర్డు పెట్టిన ఒకామె కోర్టుకు పోయింది. 1994ల అక్కడి సుప్రీంకోర్టు ఆమె దిక్కే నిలబడ్డది. తన ఇంట్ల తన మాట పెట్టుకునే హక్కు మనిషికి ఉంటదన్నది. ఫ్రాన్స్‌ల ప్రతి ఊరు, పట్నం జనం ఉచితంగ పోస్టర్లు అతికించుకునే బోర్డులు పెట్టాలని చట్టమే ఉన్నది.

అందుకే మేం అడిగేది మూడు. ఒకటి, జెండా రంగు చూడకుండ చలాన్ వెయ్యాలె, ఫ్లెక్సీని ఆ రోజే దించాలె. రెండు, ప్రతి బస్తీల, ప్రతి మెట్రో స్టేషన్ కింద జనానికి ఉచిత బోర్డు పెట్టాలె. మూడోది మనకే. అడగకుండ ఎవరి గోడా ముట్టొద్దు.

ఈ రాష్ట్రం కోసం మనం గోడల మీద రాసినం. ఆ గోడలిచ్చిన పెద్దమనుషులకు మనం ఇంక బాకీ ఉన్నం. ఆ పెద్దాయన గోడకు మేమే మళ్ల సున్నం వేసినం. ఒక మూలకు నాలుగక్షరాలు రాసుకోమని ఆయనే జాగ చూపించిండు. అడిగి రాసిన మొదటి రాత అదే.

జై తెలంగాణ!